ఆహారం - క్యాన్సర్

మనిషి తినే ఆహారం క్యాన్సర్ వచ్చే అవకాశాన్ని కొంతవరకు పెంచగలదు, కొంతవరకు తగ్గించగలదు. ఒకసారి వచ్చిన క్యాన్సర్‌ను నయం చేయగల ఆహారపదార్థం మాత్రం ఇంతవరకు ఏదీ ఋజువు కాలేదు. ఈ రెండు విషయాలు వేరువేరు. "పసుపు మంచిది" అన్న మాట "పసుపు తింటే కణితి కరిగిపోతుంది" అన్న మాటగా మారినప్పుడు, చికిత్సకు లొంగే దశలో ఉన్న రోగి ఆ దశ దాటిపోయే వరకు ఇంటివద్దనే ఉండిపోయే ప్రమాదం ఉంది.

క్యాన్సర్ అనేది ఒకే వ్యాధి కాదు. కణాలు అదుపు తప్పి విభజన చెందే అనేక వ్యాధులకు అది ఉమ్మడి పేరు. ఆహారంతో సంబంధం కూడా అన్నింటికీ ఒకేలా ఉండదు. పెద్దప్రేగు, కాలేయం, అన్నవాహిక, జీర్ణకోశ క్యాన్సర్లలో ఈ సంబంధం బాగా కనిపిస్తుంది. రక్త క్యాన్సర్లలోను, మెదడు కణితులలోను అంతగా కనిపించదు.

ఫోలిక్ ఆమ్లం కథ

పోషక పదార్థానికీ క్యాన్సర్‌కూ గల సంబంధం ఎంత చిక్కైనదో తెలుసుకోవడానికి ఫోలిక్ ఆమ్లం చరిత్ర మంచి ఉదాహరణ. ఇందులో ఒక తెలుగువాడి పాత్ర ప్రధానమైనది.

1928లో బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్ బొంబాయికి వచ్చి, గర్భిణీ స్త్రీలలో, ముఖ్యంగా బట్టల మిల్లు కార్మికులలో కనిపించే ఒక రకం రక్తహీనతను పరిశీలించింది. ఈస్ట్ సారం ఇస్తే అది తగ్గుతున్నట్లు గమనించింది. ఆ సారంలోని గుణకారి పదార్థమే తరువాత ఫోలిక్ ఆమ్లంగా గుర్తించబడింది. 1941లో దీనిని పాలకూర నుండి వేరుచేసినవారు, ఆకు అనే అర్థం గల లాటిన్ పదం నుండి ఆ పేరు పెట్టారు. భీమవరంలో జన్మించి అమెరికాలో స్థిరపడిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల బృందం 1940ల మధ్యలో దీనిని కృత్రిమంగా తయారుచేసింది.

రక్తహీనతను తగ్గించే విటమిను రక్త క్యాన్సర్‌ను కూడా తగ్గిస్తుందేమోనన్న ఆశ సహజంగానే కలిగింది. బోస్టన్ నగరంలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియాతో ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లపు రూపాలను ఇచ్చి చూశాడు. వ్యాధి తగ్గడానికి బదులు వేగం పుంజుకున్నట్లు ఆయనకు కనిపించింది. త్వరగా విభజన చెందే కణాలకు డి.ఎన్.ఏ. తయారుచేసుకోవడానికి ఫోలేటు అవసరం. క్యాన్సర్ కణాలు కూడా ఆ కోవకు చెందినవే. అలాగైతే ఆ విటమినును అడ్డగిస్తే ఏమవుతుంది? సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని ఆపగల అమినాప్టెరిన్‌ను అందించింది. దీనిని 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో తాత్కాలికంగానైనా మెరుగుదల కనిపించిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించాడు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు మరణించాడు. ఇదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉన్న మందు.

ఆకుకూరలలో దొరికే ఒక పోషకం ఆరోగ్యవంతుడికి అత్యవసరం. కణితికి కూడా అది అవసరమే. కనుక "శరీరానికి మంచిది" అన్న కారణంతోనే ఒక పదార్థం క్యాన్సర్‌కు విరోధి అవుతుందని అనుకోవడానికి వీలులేదు. అలాగని ఆకుకూరలు మానివేయవలసిన అవసరమూ లేదు. ఆహారంలో సహజంగా లభించే మోతాదు వేరు, మందుగా ఇచ్చే మోతాదు వేరు.

అపాయాన్ని పెంచేవి

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పదార్థాలను వర్గీకరించి ప్రకటిస్తుంది. మొదటి వర్గంలో చేర్చడమంటే, ఆ పదార్థం క్యాన్సర్ కలిగిస్తుందనడానికి సాక్ష్యం గట్టిగా ఉందని అర్థం. అది ఎంత తీవ్రంగా కలిగిస్తుందో ఆ వర్గం చెప్పదు. ఈ తేడా తెలియక, 2015లో శుద్ధిచేసి నిల్వ ఉంచిన మాంసాన్ని (సాసేజి, బేకన్, హామ్ వంటివి) మొదటి వర్గంలో చేర్చినప్పుడు "మాంసం సిగరెట్టుతో సమానం" అన్న ప్రచారం సాగింది. ఆ సంస్థ చెప్పిన అంచనా ప్రకారం రోజుకు 50 గ్రాముల అటువంటి మాంసం తింటే పెద్దప్రేగు క్యాన్సర్ అపాయం సుమారు 18% పెరుగుతుంది. ఒక వ్యాధి వేయిమందిలో 50 మందికి వచ్చేదైతే, 18% పెరిగినప్పుడు 59 మందికి వస్తుంది. ఇది పట్టించుకోవలసిన పెరుగుదలే కాని, పొగతాగడం వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగే తీరుతో పోల్చదగినది కాదు. తాజా మేక, గొఱ్ఱె, పశుమాంసాలు "బహుశా కలిగించవచ్చు" అనే తరువాతి వర్గంలో ఉన్నాయి. కోడిమాంసం, చేపలు వీటిలో లేవు.

మద్యం 1988 నుండి మొదటి వర్గంలో ఉంది. శరీరంలో అది ఎసిటాల్డిహైడ్‌గా మారి డి.ఎన్.ఏ.ను దెబ్బతీస్తుంది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దప్రేగు, స్త్రీలలో రొమ్ము క్యాన్సర్లతో దీనికి సంబంధం ఉంది. పొగ కూడా తోడైతే నోటి, గొంతు క్యాన్సర్ల అపాయం అనేక రెట్లవుతుంది. తెలుగువారు భోజనానంతరం వేసుకునే తాంబూలం విషయంలో ఒక సంగతి చెప్పుకోవాలి: పొగాకు కలపకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని 2004లో ప్రకటించిన ఆ సంస్థ అంచనా తేల్చింది. హాని ఆకులో కంటె వక్కలో ఉంది.

ఊరగాయల గురించి తరచు ప్రశ్న వస్తుంది. ఆ సంస్థ జాబితాలో ఉన్నవి తూర్పు ఆసియా దేశాలలో పులియబెట్టే కూరగాయలు. నూనెలో ఊరే ఆవకాయను గురించి అక్కడ చెప్పలేదు. అయితే ఉప్పులో నిలువచేసిన ఆహారం ఎక్కువగా తినేవారిలో జీర్ణకోశ క్యాన్సర్ అధికమని పలు పరిశీలనలు చూపాయి గనుక ఉప్పు విషయంలో మితం పాటించడం మేలు.

బూజు పట్టిన వేరుశనగ

1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు అంతుచిక్కని రోగంతో చనిపోయాయి. కారణం వాటి దాణాలోని వేరుశనగ పిండి అనీ, దానిపై పెరిగిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు విషాన్ని ఉత్పత్తి చేసిందనీ తేలింది. ఆ విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. ఇది కాలేయ క్యాన్సర్‌ను కలిగిస్తుంది. హెపటైటిస్-బి సోకినవారిలో ఈ అపాయం ఎన్నో రెట్లు అధికమవుతుంది. ఎక్కువ మోతాదులో తింటే క్యాన్సర్ దాకా పోకుండానే ప్రాణం తీస్తుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామాలలో బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది కామెర్లు, ఉదరంలో నీరు చేరడం వంటి లక్షణాలతో జబ్బుపడ్డారు, వారిలో 106 మంది మరణించారు. దీనిని పరిశోధించి వెల్లడించినది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ.

అనంతపురం వంటి మెట్ట ప్రాంతాలలో ఇది రైతు సమస్య కూడా. కాయ ఊరే దశలో బెట్ట వస్తే బూజు పొలంలోనే కాయలోకి ప్రవేశిస్తుంది. తడి ఆరకుండా నిలువచేస్తే గోదాములో పెరుగుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ ఈ విషాన్ని తక్కువ ఖర్చుతో పసిగట్టే పరీక్షా విధానాన్ని రూపొందించింది. వేయించినా, ఉడికించినా అఫ్లాటాక్సిన్ పూర్తిగా నశించదు. నూనెను శుద్ధిచేసే క్రమంలో చాలావరకు తొలగిపోతుంది. గానుగలో ఆడించిన నూనెను శుద్ధిచేయరు గనుక, గింజలు బూజు పట్టినవైతే ఆ విషం నూనెలో మిగిలి ఉండవచ్చు. ముడుచుకుపోయిన, రంగు మారిన, చేదెక్కిన గింజలను ఏరి పారవేయడం, కాయలను బాగా ఎండబెట్టడం, పిల్లలకు హెపటైటిస్-బి టీకా వేయించడం - ఈ మూడూ ఖరీదైన "క్యాన్సర్ నిరోధక" పొడుల కంటె ఎక్కువ ఉపయోగకరమైనవి.

శరీర బరువు

ఏమి తింటున్నామన్నదానితో పాటు ఎంత తింటున్నామన్నది కూడా ముఖ్యమే. అధిక కొవ్వుకు 13 రకాల క్యాన్సర్లతో సంబంధం ఉన్నట్లు 2016లో నిర్ధారించారు. ఋతుక్రమం ఆగిన తరువాత వచ్చే రొమ్ము క్యాన్సర్, గర్భాశయం, మూత్రపిండం, పెద్దప్రేగు, కాలేయ క్యాన్సర్లు వీటిలో ఉన్నాయి. కొవ్వు కణజాలం ఈస్ట్రోజెన్‌ను తయారుచేస్తుంది, ఇన్సులిన్ స్థాయిని పెంచుతుంది, శరీరంలో మందకొడి వాపును నిలిపి ఉంచుతుంది. ఇవన్నీ కణవిభజనను ప్రోత్సహించేవే.

పొట్టు తీయని ధాన్యాలు, పీచుపదార్థం ఎక్కువగా తినేవారిలో పెద్దప్రేగు క్యాన్సర్ తక్కువ. రాగులు, జొన్నలు, దంపుడు బియ్యం ఈ కోవలోనివి.

మాత్రల ప్రయోగాలు

పళ్ళు, కూరగాయలు ఎక్కువగా తినేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని అనేక పరిశీలనలు చెప్పాయి. ఆ మేలు చేసేది క్యారెట్టు, ఆకుకూరలలోని బీటా కెరోటిన్ కావచ్చునని భావించి ఫిన్లాండులో పొగతాగే 29,133 మంది పురుషులపై ప్రయోగం చేశారు. కొందరికి రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, మిగిలినవారికి అది లేని మాత్రలు ఇచ్చారు. 1994లో వచ్చిన ఫలితం శాస్త్రవేత్తలను నివ్వెరపరచింది: బీటా కెరోటిన్ మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18% ఎక్కువగా వచ్చింది. అమెరికాలో జరిగిన మరొక ప్రయోగంలో, విటమిన్-ఎ కూడా కలిపి ఇచ్చినవారిలో ఇది 28% ఎక్కువగా ఉండడంతో 1996లో మాత్రలను గడువుకు ముందే ఆపివేశారు. ప్రోస్టేటు క్యాన్సర్‌ను ఆపుతుందనుకున్న విటమిన్-ఇ, 35,000 మందికి పైగా పాల్గొన్న ప్రయోగంలో ఆ క్యాన్సర్‌ను 17% పెంచినట్లు 2011లో వెల్లడైంది.

కూరగాయలు తినేవారు సాధారణంగా పొగ తక్కువ తాగుతారు, వ్యాయామం చేస్తారు, వైద్యుడి వద్దకు త్వరగా వెళ్తారు. వారి ఆరోగ్యానికి కూరగాయల వాటా ఎంతో, మిగిలిన అలవాట్ల వాటా ఎంతో పరిశీలన ద్వారా విడదీయడం కష్టం. అందుకే జనాన్ని చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విడదీసి చేసే ప్రయోగానికి వైద్యశాస్త్రం అంత విలువ ఇస్తుంది.

మన ప్రాంతపు పరిశోధనలను కూడా ఈ దృష్టితోనే చదవాలి. జాతీయ పోషకాహార సంస్థ 1992లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో, పొగతాగే 16 మందికి రోజుకు 1.5 గ్రాముల పసుపును నెలరోజులు ఇవ్వగా వారి మూత్రంలో జన్యువులను మార్చగల పదార్థాలు తగ్గాయి. చుట్ట నిప్పును నోటిలోపల ఉంచుకుని కాల్చే "అడ్డపొగ" అలవాటున్నవారికి విటమిన్-ఎ, రైబోఫ్లేవిన్, జింకు, సెలీనియం ఇచ్చి, నోటిలో క్యాన్సర్‌కు ముందు ఏర్పడే మచ్చలు తగ్గినట్లు 1995లో అదే సంస్థ తెలిపింది. ఇవి విలువైన ఆధారాలే. అయితే మూత్రంలోని సూచిక తగ్గడం, మచ్చ తగ్గడం ఒక మెట్టు మాత్రమే. క్యాన్సర్ రాకుండా ఆగిందని చూపడం చాలా మెట్లు పైన ఉంటుంది. పసుపులోని కర్క్యుమిన్ ప్రయోగశాలలో క్యాన్సర్ కణాలను చంపుతుంది గాని, నోటి ద్వారా తీసుకున్నప్పుడు రక్తంలోకి చేరేది అత్యల్పం.

నయం చేస్తాయని ప్రచారమైనవి

లినస్ పాలింగ్ రెండు నోబెల్ బహుమతులు పొందిన శాస్త్రవేత్త. పెద్ద మోతాదులో విటమిన్-సి ఇస్తే క్యాన్సర్ రోగులు ఎక్కువ కాలం బ్రతుకుతారని ఆయన 1976లో కామెరాన్‌తో కలిసి ప్రకటించాడు. మేయో క్లినిక్ 1979లోను, 1985లోను ప్రచురించిన ప్రయోగాలలో నోటి ద్వారా ఇచ్చిన విటమిన్-సి వల్ల ప్రయోజనం కనబడలేదు. ఆప్రికాట్ గింజల నుండి వచ్చే లేట్రిల్‌ను 178 మంది రోగులకు ఇచ్చి చూసిన అధ్యయనం 1982లో వెలువడింది. ఎవరికీ నయం కాలేదు సరికదా, కొందరి రక్తంలో సయనైడు ప్రమాదకర స్థాయికి చేరింది. తెలుగునాట ప్రచారంలో ఉన్న లక్ష్మణ ఫలం మనుషులలో క్యాన్సర్‌ను నయం చేసినట్లు ఏ ప్రయోగమూ చూపలేదు. ఆ జాతి పళ్ళను, ఆకుల కషాయాన్ని విరివిగా వాడే గ్వాడెలూప్ ద్వీపంలో పార్కిన్సన్ వ్యాధిని పోలిన నాడీరోగానికీ ఆ అలవాటుకూ సంబంధం ఉన్నట్లు 1999లో వైద్యులు నివేదించారు.

"చక్కెర మానేస్తే క్యాన్సర్ ఆకలితో చస్తుంది" అన్న వాదానికి మూలం జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బుర్గ్ 1920లలో చేసిన పరిశోధన. క్యాన్సర్ కణాలు గ్లూకోజును అధికంగా వాడుకుంటాయన్నది నిజం. పెట్ స్కాన్ ఆ సూత్రం మీదనే పనిచేస్తుంది. కాని తినడం మానినా కాలేయం గ్లూకోజును తయారుచేస్తూనే ఉంటుంది, అవసరమైతే కండరాన్ని కరిగించి మరీ. కణితి కంటె ముందు రోగి క్షీణిస్తాడు.

అమెరికాలో, వ్యాపించని దశలో ఉన్న క్యాన్సర్‌కు ప్రామాణిక చికిత్సను వదలి ప్రత్యామ్నాయ పద్ధతులను మాత్రమే ఎంచుకున్న 281 మందిని చికిత్స పొందినవారితో పోల్చి చూశారు. 2018లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో మరణించే అపాయం మొదటివారికి రెండున్నర రెట్లుగా తేలింది. రొమ్ము క్యాన్సర్‌లో అది ఐదు రెట్లకు మించింది.

చికిత్సా కాలంలో ఆహారం

ఆహారం క్యాన్సర్ రోగికి నిస్సందేహంగా మేలు చేసేది ఇక్కడే. కణితి విడుదల చేసే పదార్థాల వల్ల ఆకలి మందగిస్తుంది, కండ కరుగుతుంది. కీమోథెరపీ వల్ల వికారం, నోటిపూత, రుచి తెలియకపోవడం తోడవుతాయి. బరువు బాగా తగ్గిన రోగికి మందు మోతాదు తగ్గించవలసి రావచ్చు, లేదా చికిత్సను మధ్యలో నిలపవలసి రావచ్చు. ఐరోపా వైద్య మార్గదర్శకాల ప్రకారం రోగికి రోజుకు కిలో బరువుకు 25 - 30 కిలోక్యాలరీలు, కనీసం 1 గ్రాము, వీలైతే 1.5 గ్రాముల మాంసకృత్తులు అవసరం. అంటే 50 కిలోల మనిషికి 50 - 75 గ్రాముల మాంసకృత్తులు.

తెలుగు ఇళ్ళలో జబ్బు అనగానే పథ్యం మొదలవుతుంది. గుడ్డు, మాంసం, పెరుగు, పప్పు ఒకటొకటిగా మానిపించి చారన్నం మీద ఉంచుతారు. క్యాన్సర్ చికిత్సలో ఈ పథ్యం నష్టమే చేస్తుంది, ఎందుకంటే మానిపించినవే మాంసకృత్తులు ఇచ్చేవి. నోటిపూత ఉన్నప్పుడు మెత్తగా కలిపిన పెరుగన్నం, పప్పు, ఉడికించిన గుడ్డు, చల్లారిన రాగిజావ, పాలు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు ఇవ్వవచ్చు. మధుమేహం, మూత్రపిండ వ్యాధి ఉన్నవారికి ఈ లెక్క మారుతుంది. నోరు, గొంతు క్యాన్సర్లలో మింగలేని స్థితి వస్తే ముక్కు ద్వారా గొట్టం వేసి ఆహారం అందిస్తారు. దీనిని ఆఖరి దశకు గుర్తుగా భావించి కుటుంబాలు నిరాకరిస్తుంటాయి గాని, నయమయ్యే రోగులకు కూడా చికిత్స పూర్తయ్యేవరకు తాత్కాలికంగా వేయడం మామూలే.

విటమిన్ మాత్రలు, మూలికా పొడులు వాడుతున్నట్లయితే వైద్యుడికి చెప్పడం అవసరం. కీమోథెరపీ సమయంలో యాంటీఆక్సిడెంట్ మాత్రలు వాడిన రొమ్ము క్యాన్సర్ రోగులలో వ్యాధి తిరగబెట్టడం ఎక్కువగా ఉండే సూచనలు 2020లో ప్రచురితమైన ఒక పరిశీలనలో కనిపించాయి. గ్రేప్‌ఫ్రూట్ రసం కొన్ని మందులు శరీరంలో విరిగిపోకుండా అడ్డుకుని వాటి మోతాదును పెంచుతుంది. మెథోట్రెక్సేట్ తీసుకునేవారు ఫోలిక్ ఆమ్లం మాత్రలను తమంతట తాము వేసుకోకూడదు, మానకూడదు కూడా. కొన్ని చికిత్సలలో వైద్యులే ఫోలినిక్ ఆమ్లాన్ని లెక్క ప్రకారం, గంటలు చూసి ఇస్తారు.

తెల్ల రక్తకణాలు తగ్గిన రోజులలో పచ్చి కూరగాయలు, పళ్ళు పూర్తిగా మానిపించే ఆచారం ఆసుపత్రులలో చాలాకాలం ఉండేది. అలా మానిపించడం వల్ల అంటువ్యాధులు తగ్గినట్లు ప్రయోగాలలో తేలలేదు. శుభ్రమైన నీటితో బాగా కడిగి, తొక్క తీసిన పళ్ళు, వేడిగా వండిన తాజా ఆహారం తీసుకుంటూ, నిలువ ఉన్న పచ్చళ్ళు, బయట కోసి అమ్మే పళ్ళముక్కలు, కాచని పాలు మానడం సరిపోతుంది.