వార్తల్లో పదం: మెర్కెల్ సెల్ కార్సినోమా

అమెరికన్ గాయకుడు జిమ్మీ బఫెట్ 2023లో ఈ అరుదైన చర్మ క్యాన్సర్‌తోనే కన్నుమూశారు. ఎక్కువగా పెద్ద వయసువారికి, ఎండ తగిలే ముఖం, మెడ మీద వస్తుంది. ఎర్రగానో ఊదాగానో గట్టి బుడిపె. వారాల్లోనే పెరుగుతుంది. నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే అసలు ప్రమాదం. వెంటనే డాక్టరుకు చూపించాలి.

స్పర్శను పసిగట్టే మెర్కెల్ కణాలను పోలి ఉండటంతో ఆ పేరొచ్చింది. అయితే ఆ కణాలు దాదాపుగా విభజన చెందవు. మరి క్యాన్సర్ ఎక్కడ పుడుతోంది? చర్మపు మూలకణాల్లోనా, మరోచోటా? శాస్త్రవేత్తల మధ్య ఇంకా ఏకాభిప్రాయం లేదు. కారణం మాత్రం చాలావరకు తేలింది. 2008లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ బృందం ఈ కణితుల్లో కొత్త పాలియోమా వైరస్‌ను కనిపెట్టింది. అమెరికా, యూరప్‌లలో సుమారు 80 శాతం కణితుల్లో దాని జన్యువులు కణం డీఎన్‌ఏలోకే చొరబడి ఉంటాయి. మిగతావాటిలో ప్రధాన కారణం ఎండలోని అతినీలలోహిత కిరణాలే.