పంపు మూతిపై గొట్టపు బరువు

ఆదోని, యెమ్మిగనూరు పొలములలో పంపు బిగించు రైతులు మఱవరాని దొకటి కలదు. పంపు మూతి నీటికి దారియే గాని గొట్టమునకు స్తంభము గాదు. 100 మిల్లీమీటర్ల ఇనుప గొట్టము మీటరునకు సుమారు 12 కిలోలు తూఁగును. లోని నీరు 8 కిలోలు. ఆధారములేక 2 మీటర్లు అడ్డముగా సాగినచో, 40 కిలోల బరువు మీటరు కోల చివర వ్రేలాడినట్లు మూతిని వంచును. ఏతము తొక్కినవారికిఁ జెప్పనేల! ఇరుసు ఒరగి బేరింగు అరుగును; పోతయినుము పగులును; పత్తి కాయపట్టు వేళ నీరాగును. తయారీదారు పత్రమునందలి పరిమితిని మించరాదు. పంపు నాపి, నీటిని దింపి, మూతి బోల్టులు విప్పి చూడుడు. గొట్టము ప్రక్కకు జరిగినచో బోల్టులతో లాగి బిగింపక, క్రింద దిమ్మె కట్టి సరిచేయుడు. నల్లరేగడి తడిసి ఉబ్బును, ఎండి కుంచించును గనుక వానల పిమ్మట మరల పరీక్షింపవలెను.