తాడు లాగే ధైర్యం

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ మనవాళ్లకు కొత్త ఊరేం కాదు. ఉద్యోగాల కోసం వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు బోలెడు. ఇవాళ ఆ ఊళ్లో టెస్లా కార్లు తయారవుతున్న ఫ్యాక్టరీకి ఒక పాత కథ ఉంది. మా ఉద్యోగులకు కొత్త ఆలోచనలే రావని వాపోయే ప్రతి అధికారీ తెలుసుకోవాల్సిన కథ అది.

1982లో మూతపడేదాకా అది జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ. ఆ కంపెనీ ఫ్యాక్టరీలన్నిటిలోనూ దీనికి చెడ్డపేరు. రోజూ నూటికి ఇరవై మంది దాకా పనికి వచ్చేవారు కాదు. వచ్చినవాళ్లలో కొందరు పనివేళల్లోనే తాగేవారు. అయినదానికీ కానిదానికీ సమ్మెలు. 1984లో టయోటాతో కలిసి ‘నూమీ’ అనే ఉమ్మడి సంస్థగా దాన్ని మళ్లీ తెరిచారు. పనిలోకి తీసుకున్నది ఎక్కువగా ఆ పాత కార్మికులనే. యూనియనూ పాతదే. నడిపే తీరు మాత్రం టయోటాది. రెండేళ్లు తిరిగేసరికి అక్కడి కార్లు నాణ్యతలో టయోటా జపాన్ ఫ్యాక్టరీల సరసన నిలిచాయి. గైర్హాజరు బాగా తగ్గిపోయింది.

మనుషులు వాళ్లే. మరి మారిందేమిటి?

పాత ఫ్యాక్టరీలో ఏం జరిగినా లైను ఆగకూడదు. బోల్టు సరిగ్గా బిగియకపోయినా, ఒక భాగం బదులు మరొకటి పడినా కారు ముందుకు సాగాల్సిందే. చివర్లో ఎవరో విప్పి సరిచేసేవారు. కొత్త పద్ధతిలో కార్మికుడి తల మీదుగా ఒక తాడు వేలాడుతుంటుంది. తేడా కనిపిస్తే ఎవరైనా సరే లాగొచ్చు. దీపం వెలుగుతుంది, టీమ్ లీడర్ పరుగున వస్తాడు. కారు నేలమీది గీత దాటేలోగా చిక్కు విడిపోతే సరే, లేకపోతే లైను ఆగుతుంది. వచ్చినవాడు తిట్టడు, ఏమైందని అడుగుతాడు, చెయ్యి కలుపుతాడు. అదే చిక్కు మళ్లీ రాకుండా ఏం చేయాలన్న ఆలోచన అక్కడ మొదలవుతుంది. పనిముట్టు ఎక్కడ పెడితే అందుతుంది, ఏ భాగం ముందు బిగిస్తే తేలిక అన్నది రోజూ ఆ పని చేసేవాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అంతకుముందు ఇంజనీర్లు గడియారం పట్టుకుని కార్మికుల పనిని కొలిచేవారు. నూమీలో అయిదారుగురు కార్మికుల బృందమే స్టాప్‌వాచ్ పట్టుకుంది. ఒకరి పద్ధతితో మరొకరిది పోల్చి చూసి, మేలైనదాన్ని తామే రాసుకుంది.

అందరికీ ఒకటే క్యాంటీన్, పెద్దలకు ప్రత్యేక పార్కింగ్ లేకపోవడం లాంటివి కూడా అక్కడ ఉండేవి. మంచివే. కానీ నా దృష్టిలో అసలు పరీక్ష 1988లో వచ్చింది. అమ్మకాలు పడిపోయి ఫ్యాక్టరీ సామర్థ్యంలో 60 శాతమే వాడకంలో ఉన్న రోజులవి. అయినా ఎవరినీ తీసేయలేదు. లైను మీద పనిలేనివాళ్లను శిక్షణకు పంపారు, పని పద్ధతులను మెరుగుపరిచే బాధ్యత అప్పగించారు. ఇది చాలా పెద్ద మాట. ముగ్గురు చేసే పనిని ఇద్దరే చేసే ఉపాయం తట్టినవాడు, ఆ మూడోవాడు తానే అవుతానేమోనని భయపడితే నోరు విప్పుతాడా?

నూమీ ఫలితాలు చూసి జనరల్ మోటార్స్ అదే రాష్ట్రంలో, లాస్ ఏంజెలిస్ దగ్గరి వాన్ నైస్ ఫ్యాక్టరీలోనూ ఈ పద్ధతి పెట్టబోయింది. మేనేజర్లకు బోనస్ మాత్రం లైను దాటిన కార్ల లెక్కను బట్టే వచ్చేది. లైను ఆగితే ఆ లెక్క తగ్గుతుంది. లైను ఆపేందుకు మేనేజర్లు ఒప్పుకోలేదు. 1992లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది.

మన కంపెనీల్లోనూ సలహాల పెట్టెలున్నాయి, హ్యాకథాన్లు జరుగుతున్నాయి. తప్పు లేదు. అయితే టీమును నడిపే మీకు ఒక్క విన్నపం. ఈసారి మీటింగులో ఓ కొత్త ఉద్యోగి లోపం ఎత్తి చూపితే, మీ వివరణ కాసేపు ఆపి, ఇంకాస్త వివరంగా చెప్పమని అడగండి. ఆ మాట మీద ఏం చేశారో, చేయలేకపోతే ఎందుకు చేయలేకపోయారో వారంలోగా అతనికి మీరే చెప్పండి.