పొగాకు బ్యారన్‌లలో అగ్నిభయము



నిప్పుతో పని చేయు చోట్లు మన పల్లెలలో పూర్వమునుండియు గలవు. కమ్మరి కొలిమి, కుమ్మరి ఆవము, బెల్లము వండు పొయ్యి, వీనియందు నిప్పు కంటి యెదుట నుండును. పనివాడు దానిని చూచుచునే పని చేయును. వర్జీనియా పొగాకు బ్యారన్‌లో నట్లు కాదు. నిప్పు వెలుపలి పొయ్యిలో నుండును. ఆకు లోపల మూసిన గోడల నడుమ వ్రేలాడుచుండును. రెంటికిని నడుమ నున్నది సన్నని యినుప రేకు గొట్టము మాత్రమే. కందుకూరు, కనిగిరి, జంగారెడ్డిగూడెము ప్రాంతముల పెద్దలకు ఈ కట్టడమును గూర్చి నేను వేరుగా చెప్ప బనిలేదు. అది తగులబడు విధమును గూర్చియే నేడు ముచ్చటింప దలచితిని.

బాల్యమున తర్కసంగ్రహము చదువునపుడు కొండపై పొగను జూచి అచట నిప్పున్నదని యూహించుట మాకు గురువుగారు చెప్పిన పాఠము. శాస్త్రమునందది నిర్దుష్టమే. కాని బ్యారన్ కప్పునుండి పొగ వెడలుట చూచి లోపల నిప్పంటినదని యూహించువాడు మిక్కిలి ఆలస్యముగా నూహించినవాడు. ఇచట పొగకు ముందే నిప్పును ఊహింపవలయును.

అదెట్లన, ఆకు ఒక్కసారిగా ఎండదు. మొదట పచ్చియాకు పసుపు పండువరకు లోపలి వేడిమి ఇంచుమించు 32 మొదలు 38 డిగ్రీల వరకు మాత్రమే యుండును. అప్పుడాకునిండ నీరుండుటచే భయము స్వల్పము. పిమ్మట వేడిమిని క్రమముగా పెంచి రంగును నిలుపుదురు, రేకును ఎండింతురు. తుదకు ఈనె యెండవలయును. ఈనె లావైనది, దాని తడి యంత సులభముగా వదలదు. దానికై వేడిమిని సుమారు 71 డిగ్రీల వరకు కొనిపోదురు. గొట్టములు, అందును పొయ్యికి దగ్గరగా నున్న భాగము, మిక్కిలి కాగునది ఈ దశయందే. రేకు అప్పడమువలె ఎండి గలగలలాడునదియు ఈ దశయందే. ఇక మూడవ సంగతి, శాస్త్రగ్రంథములు చెప్పనిది: నాలుగైదు రాత్రులు మేలుకొన్న పొయ్యికాపరి కనురెప్పలు వాలునదియు ఈ రాత్రియే. బ్యారన్‌లు కాలుట తరచుగా తుదిరాత్రి యందే యగుటకు కారణమిది. దైవమును నిందింప నవసరము లేదు.

ఎండిన యాకొకటి కర్రనుండి జారి కాగిన గొట్టముపై బడిన చాలును. అది అంటుకొని మంట పైవరుసకు ప్రాకును. పైవరుసయు ఎండియుండును. కావున మొదటి రక్షణ ఆకు కర్రకు కట్టు చేతులలో నున్నది. ఆకు ఎండినకొలది కాడ సన్నబడి ముడి వదులగును. పచ్చిగా నున్నపుడు బిగువుగా దోచిన ముడి నాలుగు దినములకు జారును. ఆ లెక్క తెలిసి కట్టవలయును. కూలికి తొందరపెట్టి కట్టించిన కర్రయే తరువాత కొంప ముంచును. రెండవ రక్షణ గొట్టములపై, క్రింది వరుసకు దిగువగా, ఇనుప తీగవల పరచుట. రాలిన యాకు వలపై నిలుచును గాని గొట్టమును తాకదు. ఆ వలపై జేరిన యాకును కాపునకు కాపునకు నడుమ దులిపివేయవలెను. లేనిచో వలయే కట్టెల మోపగును. ఇంతటి మేలు చేయు వస్తువునకు బెట్టు వెల చూచి వెనుదీయుట నాకు అర్థము కాని పొదుపు.

గొట్టముల అతుకులను, తుప్పు తినిన చిల్లులను ఋతువు ప్రారంభముననే చూడవలెను. పొయ్యిలో కొంచెము తడిగడ్డి వేసి పొగబెట్టి, ఆకు లేని బ్యారన్ లోనికి పోయి చూచిన యెడల పొగ వెడలుచోటు తానే తెలియును. పొగ వెడలిన చోట నిప్పురవ్వయు వెడలగలదు. పొయ్యి నోటి యెదుటనే కట్టెలు పేర్చుట, గాలివాటున గడ్డివామి వేయుట కూడ మానవలసినవి. నీటి పీపాలు, ఇసుక బకెట్లు ఉంచుట యందరును చేయుదురు. సాయంకాలమున గేదెలు ఆ నీటిని త్రాగి పోవుటయు అందరును ఎరుగుదురు. కావున పొయ్యికాపరి మారునపుడెల్ల పీపాను చేతితో తట్టి చూచుట మంచిది. తుదిరాత్రికి కాపరులు ఇరువురుండి వంతులవారిగా నిద్రింపవలెను.

ఇంత జేసినను అంటుకొన్నచో? నేను బడిపంతులుగా నున్న యొక గ్రామమున బ్యారన్ అంటుకొనగా, ఆకు ఎంతవరకు మిగిలినదో చూతమని యజమాని తలుపు తెరచెను. అంతవరకు గాలి చాలక మూలుగుచున్న మంట ఒక్క పెట్టున ద్వారమునుండి వెలుపలికి దూకెను. ఆయన బ్రదికెను గాని కుడిచేయి మరల ముడువలేకపోయెను. మూసిన గదిలోని మంటకు గాలియే ఆహారము. తలుపును, క్రింది కిటికీలను, పై గవాక్షములను మూసియుంచి, కట్టె వేయుట మాని, విద్యుత్తును ఆపి, అగ్నిమాపక కేంద్రమునకు 101 సంఖ్యకు తెలిపి, పొరుగు కప్పులను తడుపవలెను. మంట అణగినట్లు తోచినను తొందరపడి తెరువరాదు. లోపల వ్రేలాడునది సంవత్సరపు కష్టము, తెచ్చిన అప్పు. అందుచే మనిషి లోనికురుకును. ఆ క్షణమున వానికి వివేకము చెప్పినను వినడు. కావున ఎవరును లోనికి పోరాదను కట్టుబాటును పెద్దలు పొయ్యి ముట్టించు దినముననే అందరియెదుట చేయవలెను, భుజము పట్టి ఆపువాని నొకని నియమింపవలెను.

ఆకు దించిన పిమ్మట గ్రేడింగు పాకలలో స్త్రీలు పదులకొలది కూర్చుండి పని చేయుదురు. ఆకు దొంగిలింతురని వెలుపల గొళ్లెము వేయువారు కొందరు గలరు. 1911 మార్చి 25న న్యూయార్కు నగరమందలి ట్రయాంగిల్ అను కుట్టుపని కర్మాగారమున నిప్పంటి 146 మంది మరణించిరి. అచటను ఒక ద్వారమునకు తాళము వేసియుండిరి. పాకకు రెండు దారులుండవలెను. పని జరుగుచున్నంత సేపు రెండును లోపలివారి చేతితో తెరచుకొనవలెను. చుట్ట, బీడీ ఆ గడప దాటి లోనికి రారాదు.

బట్టలంటుకొన్నవానిని పరుగెత్తనీయక నేలపై బొర్లించి గొంగళి కప్పవలెను. కాలిన చోట పేడ, సిరా, పసుపు, నూనె పూయరాదు. ఉంగరములు, గాజులు వెంటనే తీసి, చల్లని నీటిని ఇరువది నిమిషములు పారనిచ్చి, శుభ్రమైన బట్టను వదులుగా కప్పి ఆసుపత్రికి చేర్పవలెను. చర్మమునకు బట్ట అంటుకొన్నచో దానిని లాగరాదు.