వెనుక నడిచేది ఎవరు?

పుత్తూరు నుంచి నారాయణవనం, పిచ్చాటూరు మీదుగా వెళితే నాగలాపురం కొండలు వస్తాయి. ఈశాన్య రుతుపవనాల వానలు వెలిశాక అక్కడి కోనల్లో వాగులు నిండుగా పారుతుంటాయి. వీపున సంచి, అందులో రెండు రోజుల తిండి, ఒక దుప్పటి, టార్చిలైటు సర్దుకుని చెన్నై నుంచి, తిరుపతి నుంచి యువకులు గుంపులుగా వచ్చి ఈ కొండలెక్కడం చాలా ఏళ్లుగా ఉంది. దీన్నే ట్రెక్కింగ్ అంటున్నారు. కొండ నడకలో ఆరితేరినవారికి ఒక నియమం ఉంది. దారి తెలిసినవాడు ముందు నడవాలి, గుంపులో బలమూ ఓర్పూ ఉన్నవాడు అందరికన్నా వెనుక నడవాలి. అతడిని దాటి ఎవరూ వెనుకబడకూడదు.

ఈ నియమం నాకు ఆలస్యంగా తెలిసింది. కొన్నేళ్ల క్రితం మా సంఘ యవనస్థులతో కలిసి అటవీశాఖ అనుమతి తీసుకుని ఆ కొండలకు వెళ్లాను. అరవై దాటిన సంఘపెద్ద ఒకాయన కూడా ఉత్సాహంగా బయలుదేరారు. కాపరిని కాబట్టి ముందు నడవడం నా వంతు అనుకున్నాను. దారి చూపే మనిషీ నా పక్కనే ఉన్నాడు. మధ్యాహ్నానికల్లా పైనున్న నీటి గుండం చేరాలని నా తొందర. పాటలు పాడుకుంటూ, బండల మీద దుముకుతూ అనుకున్న వేళకే చేరాం. ప్రార్థన చేసి పులిహోర పొట్లాలు పంచితే ఒకటి మిగిలింది. అప్పుడు గానీ పెద్దాయన మాతో లేరని తెలియలేదు!

పరుగున వెనక్కి దిగాం. గంట నడక కింద, వాగు పక్క బండ మీద కూర్చుని ఉన్నారు. పాచి మీద కాలుజారి మడమ వాచిపోయింది. చాలాసేపు కేకలు వేశారట. నీళ్ల హోరులో, మా పాటల హోరులో ఆ కేకలు మాకు వినబడలేదు. దుప్పటిని కర్రకు డోలీలా కట్టి చీకటి పడేవేళకు రోడ్డు చేర్చాం. మర్నాడు ఎక్స్‌రే తీయిస్తే ఎముక చిట్లిందన్నారు. పుత్తూరు పక్కనే రాచపాళెం ఉంది కదా! ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలతో ఎముకలు కట్టే ఆ ఊరికి తమిళనాడు నుంచి కూడా జనం వస్తారు. ఆయనకూ అక్కడే కట్టు కట్టించాం. క్షమించమని అడగబోతే ఆయన ఒకే మాటన్నారు: "మీరు ముందుకు పోయినందుకు నాకు బాధ లేదయ్యా. వెనక ఎవురన్నా ఉండారా అని ఒక్కరన్నా తిరిగి చూడలేదే, అదే బాధ."

ఆ మాట నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు. బైబిలు తెరిస్తే అది కూడా నడక గ్రంథంలానే కనిపించింది. 120 నుంచి 134 వరకు ఉన్న పదిహేను యాత్రకీర్తనలు పండుగలకు యెరూషలేము కొండ ఎక్కే బాటసారులవని పండితులు చెబుతారు. నజరేతు నుంచి యెరూషలేము వంద కిలోమీటర్లకు పైగా దూరం. చుట్టపక్కాలు, ఊరివారు ఒక గుంపుగా రోజుల తరబడి నడిచేవారు. అలా తిరిగొస్తూనే యోసేపు, మరియ పన్నెండేళ్ల యేసు గుంపులోనే ఉన్నాడనుకుని ఒక దినప్రయాణం సాగిపోయారు (లూకా 2:44). 'ఉన్నాడనుకోవడం' వేరు, ఉన్నాడో లేడో చూడటం వేరు. ఒక్క రోజు చూసుకోనందుకు మూడు రోజుల వేదన మిగిలింది.

ఇశ్రాయేలీయుల అరణ్య ప్రయాణంలో అమాలేకీయులు ఎవరి మీద పడ్డారు? ముందు నడిచే యోధుల మీద కాదు, అలసి సొలసి వెనుకబడిన బలహీనుల మీద (ద్వితీ. 25:17,18). సాతాను పద్ధతి నేటికీ అదే. అందుకే దేవుడు సీనాయి నుంచి ప్రజలను కదిలించినప్పుడు ఒక క్రమం ఏర్పరిచాడు. 1,86,400 మంది ఉన్న యూదా పాళెం ముందు నడవాలి. మరి చివర ఎవరు? చిన్న గోత్రాలా? కాదు. 1,57,600 మందితో సంఖ్యలో రెండవదైన దాను పాళెం (సంఖ్యా. 2:9,31, 10:25)! ముందు నడిచేవారికి ఎంత బలం కావాలో వెనుక నడిచేవారికీ దాదాపు అంత బలం కావాలని దేవునికి తెలుసు. మనమేమో బలవంతులందరినీ వేదిక మీద కూర్చోబెట్టి, వెనుక వరుసను ఖాళీగా వదిలేశాం!

యాకోబును చూడండి. నాలుగు వందల మందితో ఎదురొచ్చిన ఏశావు కలిసి నడుద్దామంటే, పిల్లలు పసివారని, పాలిచ్చే పశువులున్నాయని, వాటి నడకకు తగినట్టు మెల్లగా వస్తానని చెప్పాడు (ఆది. 33:12-14). ఒకనాడు అన్నను దాటిపోవాలని తహతహలాడిన మనిషి, పసిపిల్లల అడుగుకు తన అడుగు కలపడం నేర్చుకున్నాడు. అది ఆత్మీయ ఎదుగుదల కాక మరేమిటి?

శిఖరాలు ఎక్కేవారికీ ఈ సంగతి తెలుసు. 2014 మే 25న మన తెలుగు బిడ్డలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఒకే రోజు ఎవరెస్టు చేరారు. పేరు శిఖరం మీద నిలిచినవారికి వస్తుంది గానీ, శిక్షకులు, బరువులు మోసిన షెర్పాలు లేకుండా ఆ ఎక్కడం లేదు. ఒంటరిగా పడినవానికి లేవనెత్తేవాడు లేకపోవడం ఎంత శ్రమో ప్రసంగి ఏనాడో రాశాడు (ప్రసంగి 4:9,10).

కొండ దిగొచ్చిన తరువాతి ఆదివారం ప్రసంగపీఠం మీద నిలబడి మొదటిసారి సంఘాన్ని లెక్కపెట్టాను. క్రిస్మస్ తరువాత కనిపించని ఒక విధవరాలు గుర్తుకొచ్చింది. నాలుగు నెలలు! ఆ సాయంత్రం వెళితే, మోకాళ్ల నొప్పులతో మంచం మీద ఉంది. "పాటలు మా వీధి దాకా వినబడతానే ఉండాయయ్యా" అంది. మా పాటలు ఆమెకు వినబడ్డాయి, ఆమె మూలుగు మాకు వినబడలేదు. అదే వాగు, అదే హోరు!

ప్రియ చదువరీ, మీ సంఘంలో చివర నడుస్తున్నది ఎవరు? ఉద్యోగం పోయి కానుక వేయలేక రావడం మానేసినవారా? పరీక్ష తప్పి ముఖం చాటేసిన యవనస్థుడా? పండుగకు, కూటాలకు, కొత్త కట్టడాలకు తొందరపడే మనం వారికోసం ఒక్క గడియ ఆగగలమా? దేవుడు తన ప్రజలకు ముందు నడవడమే కాదు, వారి వెనుకటి భాగాన్ని కూడా తానే కాస్తానన్నాడు (యెషయా 52:12). వెనుక నడిస్తే మన పేరు ఎవరికీ తెలియకపోవచ్చు. కానీ అక్కడ మన పక్కన నడిచేది ప్రభువే.

మళ్లీ ఆ కొండలకు వెళ్లినప్పుడు నేను చివర నడిచాను. నా ముందు చేతికర్రతో పెద్దాయన! గుండం చేరేసరికి సాయంత్రమైంది. పొట్లాలు పంచితే ఒక్కటీ మిగల్లేదు.