పాత జీపు ట్రెయిలరు: ఉన్నదున్నట్టు బాగుచెయ్యాలా? మార్చుకోవాలా?

పిల్లలూ! జీపును మీరంతా చూసే ఉంటారు. 1940ల చివర్లో మహీంద్రా కంపెనీ బొంబాయిలో జీపులు కూర్చడం మొదలుపెట్టాక అది మన ఊళ్ళకూ వచ్చింది. కాని జీపు వెనకాల తగిలించే రెండు చక్రాల చిన్న ట్రెయిలరును ఎందరు చూశారు? రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం కోసం వీటిని వేల సంఖ్యలో తయారుచేశారు. ఇందులో ఒక తమాషా ఉంది. 1940లో మొట్టమొదటి జీపు నమూనాను చేసి ఇచ్చింది పెన్సిల్వేనియాలోని బాంటమ్ అనే చిన్న కంపెనీ. పెద్ద ఆర్డర్లేమో విల్లీస్‌కూ ఫోర్డ్‌కూ పోయాయి. జీపును పుట్టించిన బాంటమ్‌కు చివరికి దక్కింది జీపు వెనకాల బండి!

ఆ బండ్లు అమెరికాలో, ఐరోపాలో ఇప్పటికీ దొరుకుతున్నాయి. కొన్నవాడి ముందు రెండు దారులుంటాయి. 1943లో ఎలా ఉందో అలాగే నిలబెట్టడం ఒకటి. దీపాలు, కొక్కెం, తలుపు మార్చి ఈనాటి కారుకు తగిలించి వాడుకోవడం ఇంకొకటి. ఇదేదో ఇష్టాయిష్టాల సంగతి అనుకోకండి. ఒక్కొక్క మార్పు వెనకా మీ భౌతికశాస్త్ర పుస్తకంలోని పాఠం ఒకటి దాగి ఉంది.

ముందు తొట్టిని చూద్దాం. సామాను వేసే ఆ ఇనుపరేకు తొట్టికి నాలుగువైపులా గోడలే, తలుపు లేదు. సామాను ఎత్తి లోపల పెట్టాలి, మళ్ళీ ఎత్తి బయటికి తియ్యాలి. ఇంత అసౌకర్యంగా ఎందుకు చేశారు? ఏరు దాటేటప్పుడు ఈ బండి నీటిపై తేలాలి! లెక్క వేసి చూడండి. తొట్టి పొడవు సుమారు 180, వెడల్పు 90, లోతు 45 సెంటీమీటర్లు అనుకుందాం. పరిమాణం 729 లీటర్లు. అంటే అంచుదాకా మునిగితే 729 కిలోగ్రాముల నీటిని తొలగిస్తుంది. ఖాళీ బండి బరువు సుమారు 250 కిలోలు. మొయ్యవలసిన బరువు పావు టన్ను. అమెరికా టన్ను మన మెట్రిక్ టన్ను కంటే చిన్నది కనుక అది 227 కిలోలు. రెండూ కలిపితే 477. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం బండి సుమారు 29 సెంటీమీటర్లు మునిగి తేలుతుంది. తొట్టి అడుగున నీరు పోయే రంధ్రాలు, వాటికి బిరడాలు ఉంటాయి. ఏటిలో దిగేముందు బిరడాలు బిగించడం మరిచిపోతే ఏమవుతుందో మీరే చెప్పండి.

ఇప్పుడొకాయన సామాను దించడం సులువవుతుందని వెనక గోడను కోసి తలుపు పెట్టాడనుకోండి. యుద్ధం తర్వాత బాంటమ్ కంపెనీవాళ్ళే పౌరులకు అమ్మిన బండికి తలుపు పెట్టారు. కనుక అది తప్పని నేననను. కాని ఆ బండి ఇక తేలదు. పైగా దాని గట్టిదనమూ తగ్గుతుంది. చెప్పులు కొన్నప్పుడు వచ్చే అట్టపెట్టె తీసుకోండి. మూత తీసి, రెండు చివరలూ పట్టుకుని మెలితిప్పండి. తర్వాత ఒక చివరి గోడను కత్తిరించి మళ్ళీ మెలితిప్పండి. తేడా మీ చేతులకే తెలుస్తుంది. గతుకుల దారిలో ఒక చక్రం పైకి, ఒక చక్రం కిందికి పోయినప్పుడు తొట్టికి జరిగేది ఇదే. అందుచేత తలుపు పెట్టేవాడు దాని చుట్టూ ఇనుప చట్రం అదనంగా అతకాలి.

దీపాల సంగతి. ఆనాటి జీపు బ్యాటరీ 6 వోల్టులు, ఈనాటి కారుది 12. పాత దీపం 6 వోల్టుల దగ్గర 21 వాట్లు తీసుకుంటుందనుకోండి. నిరోధం మారకపోతే 12 వోల్టుల దగ్గర 84 వాట్లు! వోల్టేజి రెట్టింపయితే సామర్థ్యం నాలుగు రెట్లు. (వేడెక్కిన తీగకు నిరోధం కొంత పెరుగుతుంది కనుక నిజానికి కాస్త తక్కువే. ఏమైనా దీపం మాడిపోతుంది.) తెలివైనవాళ్ళు పాత దీపాల జోలికి పోరు. కొత్త దీపాలను ఒక పలకకు బిగించి, ఆ పలకను వెనక బోల్టులతో తగిలిస్తారు. వద్దనుకున్న రోజు విప్పేస్తే పాత బండి పాత బండే.

కొక్కేనికీ అదే ఉపాయం. సైన్యపు బండికి ముందు పెద్ద ఇనుప కడియం ఉంటుంది. జీపు కొక్కెంలో అది వదులుగా ఆడుతుంది కనుక బండి ఎటు ఒరిగినా చెల్లుతుంది. తారు రోడ్డుమీద మాత్రం ఆ వదులే టకటకమని కొడుతుంది. కార్లవాళ్ళు గుండులాంటి బిగింపు కోరుకుంటారు. కడియాన్ని రంపంతో కొయ్యకుండా బోల్టులు విప్పి దాచిపెట్టినవాణ్ణి నేను మెచ్చుకుంటాను.

ఏ దారి పట్టినా గరిమనాభి నియమం మాత్రం తప్పదు. బరువు ఇరుసుకు కాస్త ముందుండాలి. మొత్తంలో సుమారు పదోవంతు కొక్కెంమీద పడాలి. బరువు ఇరుసు వెనక్కి జరిగితే వేగం హెచ్చినకొద్దీ బండి తోక ఊపడం మొదలుపెడుతుంది, లాగే కారునూ ఊపేస్తుంది. పైగా దీనికి నిలిపి ఉంచే చేతి బ్రేకు తప్ప పరుగులో ఆపే బ్రేకు లేదు. ఆపే పనంతా ముందున్న వాహనానిదే. పైన గుడారాలూ పెట్టెలూ కట్టి గరిమనాభిని పైకి లేపేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక తుప్పు. ఇనుము, ఆక్సిజన్, నీరు కలిసి తయారైన తుప్పు, పోయిన ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రెండు రేకుల అతుకులో చేరితే వాటిని విడదీస్తుంది. పైపైన రంగు వేస్తే లోపల అది తన పని మానదు, గీకవలసిందే. కాని గీకుడులోనే అసలు చిక్కు. పాత రంగుపొరల కింద సైన్యంవాళ్ళు వేసిన తెల్ల నక్షత్రమో, బండి నంబరో ఉండవచ్చు. ఇసుకను జోరుగా చిమ్మితే తుప్పుతోపాటు అవీ గాలికి పోతాయి. తెలిసినవాళ్ళు తడిపిన సన్న గరుకు కాగితంతో పొర వెంట పొర మెల్లగా రుద్దుతారు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు కనుక ముక్కుకు తొడుగు తప్పనిసరి. ఇది పిల్లలు చెయ్యదగిన పని కాదు.

ఈ విషయంలో నాకూ ఒక దెబ్బ తగిలింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బడి ప్రయోగశాలలో ఇత్తడి సూక్ష్మదర్శిని ఒకటి నల్లబడి ఉండేది. తనిఖీ వస్తోందని చింతపండు, ఇటుకపొడితో తోమించాను. తళతళ మెరిసింది. దాని పాదంమీద ఎవరో ఇంకుతో రాసిన సంవత్సరం, నంబరు ఉండేవి. తోమిన తర్వాతగాని నాకవి గుర్తురాలేదు. ఆ పరికరం ఎప్పుడు కొన్నారో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

1964లో వెనిస్ నగరంలో పాత కట్టడాల నిపుణులు సమావేశమై కొన్ని నియమాలు రాసుకున్నారు. ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలన్నది వాటిలో ఒకటి. పోయిన నంబరును ‘ఇలా ఉండి ఉంటుంది’ అని మనం రాసేస్తే అది ఆ బండి నంబరు కాదు, మన నంబరు.

మీ ఇంట్లో పాత ఇనుప ట్రంకుపెట్టెగాని, కిటికీ ఊచగాని ఉంటే, రంగు పెచ్చు ఇప్పటికే లేచిన అంచును భూతద్దంతో చూడండి. గీకవద్దు, తాకనూ వద్దు. ఎన్ని పొరలున్నాయో, ఏ పొరది ఏ రంగో రాసుకుని, ఏది ఎప్పుడు వేశారో ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. మా ఇంటి కిటికీకి నాలుగు పొరలు లెక్కతేలాయి. అడుగున ఉన్న ఆకుపచ్చ ఎప్పటిదో మా అమ్మకు కూడా తెలియదు.