స్వల్ప వ్యయముతో ఘనగిరి యాత్ర



తిరుమలకో శ్రీశైలమునకో పోవలెనన్నచో మన యిండ్లలో వలదనువా రుండరు. మ్రొక్కుబడి యున్నచో అప్పుచేసియైనను ప్రయాణము సాగును. కాని యొక ప్రాచీన రాజధానిని కన్నులార చూచి రావలెనని గృహిణి కోరినచో "ఎందులకు? ఎంత ఖర్చు?" అను రెండు ప్రశ్నలు వెంటనే పుట్టును. మా యింటను పుట్టినవి. మా వారిది బడిపంతులు ఉద్యోగము. జీతములో పిల్లల చదువులకు, పాలకు, బియ్యమునకు పోగా మిగులునది మీకు తెలియనిది కాదు. అయినను ఈ మాఘమాసమున మేము పెనుకొండను చూచి వచ్చితిమి.

మొదటి ప్రశ్నకు సమాధానము మన కావ్యములలోనే కలదు. రామరాజభూషణుడు వసుచరిత్రమును అంకితము చేసినది తిరుమలదేవరాయలకు. 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధమున అళియ రామరాయలు హతుడు కాగా, ఆయన తమ్ముడైన ఈ తిరుమలరాయలు సదాశివరాయలను, ధనరాశులను వెంటగొని విజయనగరమును వీడి ఈ కొండకోటను చేరెను. పిమ్మట రాజధాని చంద్రగిరికి మారువరకు ఆరవీటి రాజుల కిదియే నెలవు. చిన్ననాడు తండ్రిగారి యొద్ద కూర్చుండి ఆ కావ్యమును వల్లించిన మేము, కృతిపతి యేలిన ఊరు ఇంత చేరువనుండియు చూడకుండుట లోపముగా తోచెను.

ఇక ఖర్చు మాట. యాత్రలో ధనము పోవు ద్వారములు మూడు: ప్రయాణము, బస, భోజనము. 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు ఆర్టీసీ బస్సులలో ప్రయాణము ఉచితము. ఆధార్ కార్డు వంటి గుర్తింపు పత్రము చూపినచో కండక్టరు సున్నా టికెట్టు నిచ్చును. కావున మాకును మా యమ్మాయికిని పైకము కాలేదు. మా వారొక్కరే టికెట్టు కొనిరి! రైలున పోవువారికి బెంగుళూరు–ధర్మవరము మార్గమున హిందూపురము, పెనుకొండ రెండును స్టేషనులే. హిందూపురమున బంధువుల యింట బస చేసితిమి. అట్టివారు లేనివారికి బస్టాండు చెంత సామాన్యమైన లాడ్జీలు కలవు. చిత్రాన్నము, పెరుగన్నము, వేరుసెనగ ఉండలు ఇంటినుండియే కట్టుకొంటిమి.

తొలిదినము హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్న లేపాక్షి చూచితిమి. వీరభద్రాలయమును పెంపొందించిన విరూపణ్ణ పెనుకొండలో విజయనగర రాజుల అధికారియే గనుక, ఈ యాత్ర కిది తగిన ఆరంభము. మంటపపు కప్పుపై చిత్రించిన స్త్రీలను తలయెత్తి చూచిన యే గృహిణికైనను ముందుగా కంటబడునవి వారి చీరలు. ఆ అంచులు, ఆ గళ్ళు, ఆ పువ్వులు నిన్న మగ్గమునుండి దిగినట్లుండును.

మరునాడు ఉదయపు బస్సున పెనుకొండ చేరితిమి. ఎండ ముదురక ముందే కోటద్వారములను, గగనమహలును చూచుట మేలు. ఈ మహలు హిందూ మహమ్మదీయ శిల్పరీతుల కలయిక. రామాలయ శివాలయములు ప్రక్కప్రక్కన నిలిచియున్నవి. రామాలయపు గోడలపై రామకథను పిల్లలకు బొమ్మల పుస్తకమువలె చూపి చెప్పవచ్చును. పార్శ్వనాథుని జైనాలయమును, అన్ని మతములవారును దర్శించు బాబయ్య దర్గాయు ఇదే ఊర కలవు. కొండపై లక్ష్మీనరసింహస్వామి కోవెల కలదు. కొండ యెక్కువారు తెల్లవారగనే బయలుదేరి, మంచినీరు సమృద్ధిగా గొనిపోవలెను, ఒంటరిగా పోరాదు.

తిరుగుదారిలో ధర్మవరమున దిగితిమి. పట్టుచీరల ఊరికి పోయి చీర కొనకుండ వచ్చుట కష్టమే! కాని మేము దుకాణమునకు పోక, ఒక నేతవారి యింటికి పోయి మగ్గమును చూచితిమి. ఇంటి మగవాడు నేయుచుండగా ఇల్లాలు కండెలు చుట్టుచుండెను. లేపాక్షి చిత్రములనుండి గ్రహించిన అంచులను నేటికిని నేయుచున్నామని ఆమె చూపినది. రాజులు పోయిరి, కోటలు కూలినవి. ఆ అంచు మాత్రము ఒక ఇల్లాలి చేతులమీదుగా నేటికిని సాగుచున్నది. చరిత్రములో మన పాలెంతయో మా యమ్మాయికి ఏ పాఠమును ఇంత చక్కగా చెప్పజాలదు. "ఎందులకు?" అనువారికి మే మిప్పు డీ మాటయే చెప్పుచున్నాము.

సోదరీమణులు పోపులపెట్టెలో నెలకు కొంత చిల్లర వేరుగా దాచి, ఇరుగుపొరుగు నలుగురు కలిసి కార్తికమునకును మాఘమునకును నడుమ బయలుదేరుడు. మ్రొక్కుబడి కొరకు వేచియుండ నక్కరలేదు.